ఆకాశాన్ని ఎవరెలా పంచుకున్నారు: నక్షత్రమండలాల పేర్లు, హద్దులు

రాత్రి ఆకాశంలో చుక్కలను గుంపులుగా కలిపి, ఒక్కో గుంపుకు జంతువు పేరో, మనిషి పేరో, పనిముట్టు పేరో పెట్టుకోవడం దాదాపు అన్ని జాతుల్లోనూ ఉంది. అలాంటి గుంపును నక్షత్రమండలం లేదా తారామండలం అంటారు. ఆధునిక ఖగోళశాస్త్రం మొత్తం 88 మండలాలను గుర్తిస్తుంది. ఈ జాబితా 1922లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సర్వసభ్య సమావేశంలో ఖాయమైంది. వాటి సరిహద్దులు 1930లో అచ్చయ్యాయి. అప్పటినుంచి శాస్త్రజ్ఞుల లెక్కలో మండలం అంటే సర్వే చేసి హద్దురాళ్ళు పాతిన భూమి లాంటిది. ఆ హద్దుల లోపల ఏ చుక్క ఉన్నా, కంటికి ఆననంత దూరపు గెలాక్సీ ఉన్నా, అది ఆ మండలం కిందికే వస్తుంది.

అంతకుముందు వేల ఏళ్ళపాటు పంపకం ఇలా జరగలేదు. ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళు ఆకాశాన్ని పంచుకున్నారు. రోజులూ నెలలూ లెక్క కావలసినవాళ్ళు చంద్రుడి దారిని ముక్కలు చేసుకున్నారు. రాజ్యానికి శకునాలు చూసేవాళ్ళు ఆకాశంలో ఒక రాజాస్థానాన్నే నిలబెట్టారు. విత్తనం వేసే అదను తెలిస్తే చాలనుకున్న రైతుకు ఒకటి రెండు గుంపులతో పని గడిచిపోయేది.

ఒక మండలంలోని చుక్కలు నిజంగా ఇరుగుపొరుగు కావాలనేమీ లేదు. ఓరియన్ అనే వేటగాడి మండలంలో ఎర్రగా వెలిగే ఆర్ద్ర మనకు సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అదే బొమ్మ పాదం దగ్గరున్న రైజెల్ 860 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భూమి మీద నిలబడి చూస్తున్నాం కాబట్టి రెండూ ఒకే తెర మీద అతికించినట్టు కనిపిస్తాయి. దీనికి భిన్నమైనవి కృత్తికలు. అవి ఒకే మేఘంలో పుట్టి కలిసి ప్రయాణిస్తున్న నిజమైన గుంపు, సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సప్తర్షుల్లో అయిదుగురిదీ అలాంటి బంధుత్వమే.

అందరి కంటా పడినవి

కంటికి కనిపించే చుక్కలు మొత్తం ఆకాశంలో ఆరు వేల దాకా ఉంటాయి. వాటిని ఎన్ని రకాలుగానైనా కలపవచ్చు. అయినా కొన్ని గుంపులు మాత్రం ఒకరితో ఒకరికి సంబంధం లేని జాతులందరికీ కనిపించాయి. కాంతి ఎక్కువగా ఉండి, దగ్గరదగ్గరగా ఉన్న చుక్కలను మన చూపు తనంతట తానే కలిపేస్తుందని, చాలా పోలికలకు అదే కారణమని 2022లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం ఒకటి లెక్కలు కట్టి చూపింది. గుంపు ఒకటే అయినా అందులో కనిపించే బొమ్మ ఊరికొకటి.

సప్తర్షి మండలాన్నే తీసుకుంటే, బాబిలోనియా వాళ్ళకు అది బండి. హోమర్ కాలపు గ్రీకులకు ఎలుగుబంటి, దానికే బండి అన్న పేరూ ఉంది. ఈజిప్టులో ఎద్దు కాలు. చైనాలో ఉత్తరపు గరిటె, చక్రవర్తి ఎక్కి తిరిగే రథం కూడా. అరబ్బులు నాలుగు చుక్కల్లో పాడెను, మిగతా మూడింటిలో దాని వెనక ఏడుస్తూ నడిచే ఆడపిల్లలను చూశారు. మధ్య భారతంలో ఉండే గోండులకు ఆ నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, వెనకనున్న మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోదామని వచ్చిన దొంగలు. కెనడా తూర్పు తీరంలోని మిక్మాక్ ప్రజలకు అది ఎలుగుబంటే, వెంట తరుముతున్న వేటగాళ్ళు తోక చుక్కలు. శరదృతువులో బాణం తగిలి ఎలుగు రక్తం చిందడం వల్లే మేపుల్ ఆకులు ఎర్రబడతాయని వాళ్ళ కథ. ఆ కాలానికి ఆ మండలం దిగంతం దగ్గరికి వాలిపోతుంది గనక కథ ఆకాశంతో సరిగ్గా సరిపోతుంది.

మన సంప్రదాయంలో ఏడుగురూ ఋషులు. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని అంటుకుని మినుకుమనే చిన్నది అరుంధతి. తెలుగు పెళ్ళిళ్ళలో ఆ చుక్కను చూపించే తంతు ఇప్పటికీ ఉంది, ముహూర్తం పట్టపగలు పెట్టుకున్నా సరే. వధూవరులు పురోహితుడు వేలు చూపించిన వైపు చూసి, కనిపించిందని తల ఊపుతారు.

కృత్తికల సంగతి ఇంకా విశేషం. ఇంత చిన్న గుంపుకు ఇన్ని పనులు అప్పజెప్పిన ఉదాహరణ ఆకాశంలో మరొకటి లేదు. తెలుగు పల్లెల్లో దానికి పిల్లలకోడి అని పేరు. ఫ్రాన్సులోనూ థాయిలాండ్‌లోనూ కోడి, కోడిపిల్లల ఊహే. గ్రీకు కవి హెసియోడ్ కాలంలో అవి తెల్లవారుజామున ఉదయిస్తే కోతలు, అస్తమిస్తే దున్నకాలు. న్యూజిలాండ్ మావోరీలకు అవి మతారికి. నడి చలికాలంలో తూర్పున మళ్ళీ కనిపించిన రోజులు కొత్త ఏడాది. 2022 నుంచి ఆ దేశంలో అది ప్రభుత్వ సెలవు దినం. దక్షిణాఫ్రికాలోని ఖోసా ప్రజలు మగపిల్లవాడు పెద్దవాడైన తర్వాతి ఏళ్ళను ఆ చుక్కల రాకతో లెక్కపెట్టేవాళ్ళు. మెక్సికోలో అజ్టెక్కులు 52 ఏళ్ళకోసారి నిప్పులన్నీ ఆర్పి, అర్ధరాత్రి కృత్తికలు నడినెత్తిన దాటాయని చూసుకున్నాకే కొత్త నిప్పు రగిలించేవాళ్ళు. దాటకపోతే లోకం అక్కడితో ఆగిపోతుందని భయం.

పెరూ, బొలీవియా కొండ రైతులది మరో రకం చూపు. జూన్ చివర్లో తెల్లవారకముందే కొండెక్కి, కృత్తికలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూస్తారు. మసకగా ఉంటే వానలు ఆలస్యం. బంగాళదుంప నాటడం వాయిదా వేస్తారు. ఎల్‌నినో ఏళ్ళలో ఎత్తున పలచటి మేఘాలు ఎక్కువగా కమ్ముకుని చుక్కలను మసకబరుస్తాయనీ, ఆ ఏళ్ళలో అక్కడ వానలు తగ్గుతాయనీ 2000 సంవత్సరంలో శాస్త్రజ్ఞులు తేల్చారు. రైతుల అంచనాకు గట్టి ఆధారమే ఉందన్నమాట.

ఓరియన్ నడుము దగ్గరి మూడు చుక్కలకూ ఇలాగే ఊరికో కథ ఉంది. గ్రీకులకు అక్కడ వేటగాడు కనిపిస్తే మనవాళ్ళకు వేట కనిపించింది. ఐతరేయ బ్రాహ్మణం చెప్పే కథలో ప్రజాపతి లేడి రూపంలో తన కూతురు రోహిణి వెంటపడతాడు. వేటగాడు బాణం వేస్తాడు. ఒంట్లో దిగబడిన ఆ బాణమే మూడు చుక్కలు. జావా రైతులకు అదే ప్రాంతంలో నాగలి కనిపించింది.

మట్టిపలకల నుంచి టోలెమీ దాకా

ఇప్పటి 88లో పాతవాటి వేళ్ళు మెసొపొటేమియాలో ఉన్నాయి. ముల్ అపిన్ అనే బాబిలోనియా గ్రంథం క్రీస్తుపూర్వం 1000 ప్రాంతపు పరిశీలనలను పోగుచేసింది. దొరికిన ప్రతుల్లో తేదీ తెలిసిన పాతది క్రీస్తుపూర్వం 686 నాటిది. అందులో ఆకాశం అడ్డంగా మూడు దారులు: ఉత్తరాన ఎన్‌లిల్ దారి, నడుమ అను దారి, దక్షిణాన ఏయ దారి. ఏ చుక్క ఏ నెలలో తెల్లవారుజామున మొదట కనిపిస్తుందో పట్టికలున్నాయి. చంద్రుడు నడిచే దారిలో 17 మండలాలను చెప్పారు. ఎద్దు, సింహం, తేలు, త్రాసు, మేక తలా చేప తోకా ఉన్న జంతువు అప్పటికే ఉన్నాయి. ఇప్పుడు మేషం అంటున్న చోట మాత్రం పొట్టేలు లేదు, కూలివాడున్నాడు.

క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో వాళ్ళే ఈ దారిని ఒక్కోటి 30 డిగ్రీల చొప్పున 12 సమభాగాలు చేశారు. ఇక్కడ బొమ్మకూ భాగానికీ తెగతెంపులయ్యాయి. ఆకాశంలో తేలు ఎంత పొడుగున్నా పట్టికలో దాని వాటా 30 డిగ్రీలే. ఈ పన్నెండే గ్రీకుల చేతుల మీదుగా క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో భారతదేశానికి వచ్చాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహజ్జాతకంలో మేషానికి క్రియ, వృషభానికి తావురి లాంటి గ్రీకు పేర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. బాబిలోనియా మేక-చేప మాత్రం ఇక్కడ మకరమైంది. మనం సంక్రాంతి చేసుకునేది ఆ మకరంలోకి సూర్యుడు వచ్చాడనే. పాశ్చాత్య జ్యోతిషంలో అదే ప్రవేశం డిసెంబరు 21, 22లకే అయిపోతుంది. వాళ్ళు విషువత్తు నుంచి కొలుస్తారు, మన పంచాంగాలు స్థిర నక్షత్రాల నుంచి కొలుస్తాయి. భూమి అక్షం 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున తిరగడంతో ఈ రెండు లెక్కల మధ్య ఇప్పటికి 24 డిగ్రీల దాకా తేడా పడింది.

గ్రీకులు ఈ పేర్లకు తమ పురాణకథలు తొడిగారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టోలెమీ వెయ్యికి పైగా చుక్కలను 48 మండలాల్లో సర్ది పట్టిక రాశాడు. బొమ్మ బయట పడిన చుక్కలను ఏ ఆకారానికీ చెందనివిగా విడిగా రాసుకున్నాడు. అంటే అప్పటికి మండలాల మధ్య ఖాళీ జాగా ఉంది. 964లో ఖగోళజ్ఞుడు అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ ఈ పట్టికను తన కళ్ళతో సరిచూసి, ప్రతి మండలాన్నీ రెండుసార్లు గీయించాడు: నేల మీంచి చూస్తే ఎలా ఉంటుందో, ఖగోళపు గోళం మీద చూస్తే ఎలా ఉంటుందో. పక్కనే అరబ్బుల సొంత పేర్లూ చేర్చాడు. అల్దెబరాన్, వేగా, అల్తాయిర్ లాంటి అరబ్బీ మూలపు పేర్లు యూరపు భాషల్లో స్థిరపడ్డాయంటే అలాంటి పండితుల గ్రంథాల చలవే.

చంద్రుడి మజిలీలు

భారతీయ పద్ధతికి మూలం రాశులు కావు, నక్షత్రాలు. చంద్రుడు చుక్కల మధ్య ఒక చుట్టు తిరగడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. రోజుకొక మజిలీ అనుకుంటే 27 లేదా 28 కావాలి. వేద వాఙ్మయంలో రెండు లెక్కలూ ఉన్నాయి. 28 అన్నప్పుడు చంద్రుడి దారికి చాలా ఉత్తరాన ఉన్న అభిజిత్తు, అంటే వేగా, చేరుతుంది. దక్షుడి కూతుళ్ళు 27 మంది చంద్రుడి భార్యలు కావడం, అతడు రోహిణి దగ్గరే ఉండిపోవడం ఈ లెక్క చుట్టూ అల్లుకున్న కథే. పాత పట్టికలు కృత్తికతో మొదలవుతాయి. తర్వాతి కాలంలో అశ్విని మొదటికి వచ్చింది.

మొదట్లో నక్షత్రమంటే ఆకాశంలో చూపించగల చుక్కో చిన్న గుంపో. సిద్ధాంత గ్రంథాల కాలానికి ఒక్కోటీ 13 డిగ్రీల 20 నిమిషాల సమాన వాటా అయింది, దానికి నాలుగు పాదాలు. ఆకాశం 27గానూ 12గానూ ఒకేసారి తెగింది కాబట్టి రాశికి రెండుంపావు నక్షత్రాలు, తొమ్మిది పాదాలు. అసలు బొమ్మలతో పోలిస్తే ఈ కోత నిర్దాక్షిణ్యంగానే ఉంటుంది. గ్రీకుల తేలును ఇక్కడ అనూరాధ, జ్యేష్ఠ, మూల పంచుకుంటాయి. పసిఫిక్ దీవులవాళ్ళకు మళ్ళీ అదే తోక మావి అనే వీరుడి గాలం.

చైత్రం, వైశాఖం, కార్తికం అనే నెలల పేర్లు పున్నమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడన్నదాన్ని బట్టి వచ్చాయి. తెలుగు రైతు మాత్రం చంద్రుణ్ణి వదిలి సూర్యుణ్ణి పట్టుకున్నాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. మే ఆఖరులో రోళ్ళు పగిలే రోహిణి కార్తె, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర, ఆ వెనకే ఆరుద్ర. మృగశిర ప్రవేశిస్తే చేపలు తినాలన్న పట్టింపు, హైదరాబాద్‌లో చేప ప్రసాదం పంపిణీ ఆ లెక్కతోనే. గమ్మత్తేమిటంటే, రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం కనపడదు. సూర్యుడి పక్కనే ఉండి ఆ వెలుగులో కలిసిపోతుంది. కంటికి ఆనని చుక్క పేరుతో దుక్కీ విత్తూ సాగడమంటే ఆకాశం పూర్తిగా పంచాంగంలోకి ఎక్కేసిందని అర్థం.

చైనాలో 28 మజిలీలు, అరబ్బుల్లో 28 మజిలీలు. మన పద్ధతితో కలిపి ఈ మూడింటికీ పుట్టిల్లు ఒకటేనా అన్న వాదం 19వ శతాబ్దం నుంచీ నడుస్తోంది. కృత్తికలు మూడింటిలోనూ ఉన్నాయి గానీ అన్ని చుక్కలూ కలవవు. చైనా మజిలీలు సమానం కూడా కావు; ఒకటేమో రెండు, మూడు డిగ్రీలకు మించదు, మరొకటి 30 డిగ్రీలు దాటుతుంది. 1978లో హుబే రాష్ట్రంలో ఒక సామంతరాజు సమాధిలో లక్కపూత పెట్టె దొరికింది. దాని మూత మీద 28 పేర్లూ, అటూ ఇటూ డ్రాగన్, పులి ఉన్నాయి. అది క్రీస్తుపూర్వం 433 నాటిది.

ఆకాశంలో రాజధాని

చైనావారి ఆకాశం పూర్తిగా వేరే లోకం. అక్కడ పెద్దపెద్ద బొమ్మలు తక్కువ. చిన్నచిన్న గుంపులు వందల కొద్దీ. మూడో శతాబ్దంలో చెన్ జువో అనే ఆస్థాన జ్యోతిష్కుడు ముగ్గురు పూర్వుల పట్టికలను కలిపితే 283 గుంపులు, 1,464 చుక్కలు తేలాయి. డున్‌హువాంగ్ గుహల్లో దొరికి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న కాగితపు చుట్టలో ఆ మూడు పట్టికల చుక్కలను వేరువేరు రంగుల్లో వేశారు. ఏడో శతాబ్దపుదిగా లెక్కవేసిన ఆ పటం ప్రపంచంలో మిగిలిన పూర్తి నక్షత్రపటాల్లో బాగా పాతది.

ధ్రువం చుట్టూ ఊదారంగు అంతఃపురం. చుక్కల చక్రమంతా తిరుగుతున్నా కదలకుండా ఉండే చోటు చక్రవర్తిది. చుట్టూ గోడలు, గోడల్లోని ఒక్కో చుక్క ఒక్కో మంత్రి, సేనాని. దానికి కాస్త దిగువన సభామంటపం. మరోపక్క అంగడి వీధి: అందులో కొలతపాత్రలున్నాయి, నగల వరస ఉంది, మాంసం కొట్లున్నాయి. మిగిలిన ఆకాశాన్ని నాలుగు దిక్కుల జంతువులు పంచుకున్నాయి: నీలి డ్రాగన్, ఎర్ర పక్షి, తెల్ల పులి, నల్ల తాబేలు. పశ్చిమపు తెల్ల పులి ప్రాంతంలో, ఓరియన్ కాళ్ళ కింద ఉన్న నాలుగు చుక్కలు మరుగుదొడ్డి. దానికి అడ్డంగా రెండు చుక్కల తడిక, ఇంకాస్త దిగువన ఒంటి చుక్క మలం. నగరమంటూ కట్టాక అది మాత్రం లేకుండా ఎలా?

దీని వెనక పాలన ఉంది. ఏ గుంపు దగ్గర కొత్త చుక్క కనిపించినా ఆ శాఖకు, ఆ ప్రాంతానికి శకునం. అందుకే రాత్రంతా కాపలా కాసి, ఎక్కడ ఏం కనిపించిందో రాసిపెట్టారు. 1054లో తియాన్‌గువాన్ అనే చుక్క పక్కన పగలు కూడా కనిపించిన అతిథి తార వచ్చిందని వాళ్ళు రాసుకున్న చోటే ఇవాళ టెలిస్కోపులో క్రాబ్ నెబ్యులా ఉంది. నక్షత్రపు పేలుడు భూమి మీద కనిపించిన తేదీ మనకు తెలిసిందంటే చిన్నచిన్న గుంపులుగా ఆకాశాన్ని తరిగిన ఆ పద్ధతే కారణం.

చుక్కలు లేని చోట బొమ్మలు

పైన చెప్పినవన్నీ వెలుగును కలిపి గీసినవి. దక్షిణార్ధగోళంలో పాలపుంత నడిబొడ్డు నెత్తిమీద మండిపోతూ ఉంటుంది. దాని మధ్య ధూళిమేఘాలు నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. ఆండీస్ పర్వతాల్లోని కెచువా ప్రజలు ఆ మచ్చలకే పేర్లు పెట్టారు. పాలపుంత వాళ్ళకు నది. ఆ నదిలో పాము, కప్ప, నక్క, నేల మీద తిరిగే పిట్ట, పిల్లతో ఉన్న లామా. ఆ లామా కళ్ళు ఆల్ఫా, బీటా సెంటారీ అనే రెండు గొప్ప చుక్కలు. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో కెచువా భాషలో రాసిన వరోచిరి గ్రంథం ఆ లామా అర్ధరాత్రి దిగివచ్చి సముద్రపు నీళ్ళు తాగుతుందని, తాగకపోతే లోకం మునిగిపోతుందని చెబుతుంది.

ఆస్ట్రేలియాలో కమిలరోయ్, యుఅలాయి ప్రజలు అదే చీకటిలో ఈము పక్షిని చూశారు. త్రిశంకు పక్కనున్న నల్లటి మచ్చ తల. మెడ సెంటారీ చుక్కల మీదుగా సాగి, ఒళ్ళు వృశ్చికం దాకా పరుచుకుంటుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో అది పరుగెత్తుతున్నట్టుంటుంది. నేల మీద ఈములు జతకట్టే కాలం అదే. జూన్, జూలైలకు ఆకాశంలోని ఈము కాళ్ళు మాయమై గుడ్ల మీద పొదిగినట్టు కనిపిస్తుంది. గుడ్లు ఏరుకోవడానికి అదను. సిడ్నీ దగ్గర కురింగై చేజ్ జాతీయవనంలో రాతి మీద చెక్కిన ఈము ఒకటుంది.

త్రిశంకు అంటే నాలుగు చుక్కల దక్షిణ శిలువ. విశ్వామిత్రుడు దక్షిణాన సృష్టించిన వేరు స్వర్గంలో తలకిందులుగా వేలాడే రాజు. విశాఖ తీరంలో మే నెల రాత్రి దక్షిణాన సముద్రానికి పది పన్నెండు డిగ్రీల ఎత్తున దాన్ని చూడవచ్చు. బోట్స్వానాలో త్స్వానా ప్రజలు ఆ చుక్కలను జిరాఫీలన్నారు. టోలెమీ లెక్కలో అది సెంటారస్ కాళ్ళలో భాగం.

నావికులు, పరికరాలు, సరిహద్దులు

అలెగ్జాండ్రియా నుంచి కనపడని దక్షిణాకాశాన్ని యూరప్ చాలా ఆలస్యంగా నింపింది. 1595-97లో తూర్పు దీవులకు పోయిన డచ్చి ఓడల మీద కైజర్, హౌట్‌మన్ అనే నావికులు చుక్కలు కొలిచారు. దాంతో నెమలి, టూకాన్, ఎగిరే చేప, ఊసరవెల్లి లాంటి 12 మండలాలు పుట్టాయి. 1603లో బేయర్ అచ్చువేసిన పటాల పుస్తకం వాటికి ప్రచారమిచ్చింది. 1751-52లో గుడ్‌హోప్ అగ్రంలో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లకాయ్ దాదాపు పదివేల చుక్కలను కొలిచి మరో 14 చేర్చాడు. ఆయన పెట్టినవాటిలో పదమూడు తన కాలపు పరికరాలే: టెలిస్కోపు, మైక్రోస్కోపు, లోలకపు గడియారం, గాలి పంపు, కొలిమి. పద్నాలుగోది ఒక్కటే తాను పనిచేసిన ఊరి టేబుల్ కొండ పేరు. టోలెమీ నాటి పెద్ద ఓడ ఆర్గోను ఆయనే అడుగుభాగం, వెనకభాగం, తెరచాపలుగా విడగొట్టాడు. ఆ ఆకాశం కింద అప్పటికే కాపురముంటున్నవాళ్ళ జిరాఫీలూ లామాలూ ఈ పటాల్లోకి రాలేదు. ఎవరూ అడగనూ లేదు. గాలి పంపు కంటే ఈము ఎంత బాగుండేదో!

పెట్టిన పేర్లన్నీ నిలవలేదు. ఖగోళజ్ఞుడు హెవేలియస్ పోలండు రాజు గౌరవార్థం పెట్టిన డాలు మిగిలింది. మరో ఖగోళజ్ఞుడు లలాండ్ ముచ్చటపడి పెట్టిన పిల్లి పోయింది. ఆయనదే గోడ క్వాడ్రెంటు అనే మండలం కూడా పోయింది గానీ, జనవరి మొదటి వారపు ఉల్కాపాతం దాని పేరుతోనే నడుస్తోంది.

చివరికి గీతలు గీసే పని బెల్జియం ఖగోళజ్ఞుడు యూజీన్ డెల్పోర్ట్ చేశాడు. 1875 నాటి ఆకాశపు అక్షాంశ రేఖాంశాల వెంట, నిలువూ అడ్డం గీతలతోనే. అన్నిటికంటే పెద్దది 1,303 చదరపు డిగ్రీల హైడ్రా, చిన్నది 68 చదరపు డిగ్రీల త్రిశంకు. సర్పధారి మండలం మధ్యలో నిలబడటంతో పాము మండలం రెండు ముక్కలైంది. సూర్యుడు నవంబరు 30 నుంచి డిసెంబరు 17 దాకా ఆ సర్పధారి హద్దుల్లోనే ఉంటాడు, వృశ్చికంలో గట్టిగా వారమే. పదమూడో రాశి దొరికిందని పత్రికలు అప్పుడప్పుడూ చేసే హడావుడికి ఇంతే మూలం.

2016 నుంచి అంతర్జాతీయ సంఘం ఒక్కో చుక్కకు అధికారిక పేర్లు ఖాయం చేస్తోంది. వాటిలో భరణి, రేవతి ఉన్నాయి. త్రిశంకులోని ఒక చుక్కకు ఆస్ట్రేలియా వర్దమాన్ ప్రజల పేరు గినాన్ వచ్చింది. హద్దులు మాత్రం మారలేదు. చుక్కలు మారుతున్నాయి. గరుడ మండలంలోని రో అక్విలే తన సొంత గమనంతో కదిలి 1992లో గీత దాటి డాల్ఫిన్ మండలంలోకి వెళ్ళింది. పట్టికల్లో దాని పేరు ఇంకా గరుడదే.